సుబేదార్ ఎవరి ముందు కూర్చుంటే వాళ్ళే దొంగ

నేను ఒక తోలుపట్టీని. కుక్కను నడిపించేటప్పుడు మనుషులు చేత్తో పట్టుకునే పట్టీని. నా ఒక కొసన ఇత్తడి కొక్కెం ఉంటుంది, అది కుక్క మెడకి. రెండో కొసన మడిచి కుట్టిన పిడి ఉంటుంది, అది మనిషి చేతికి. కుక్కకీ మనిషికీ మధ్య ఐదడుగుల దూరంలో జరిగే సంగతులు చాలానే ఉంటాయి. వాటిలో కొన్ని కుక్కకు తెలియవు, కొన్ని మనిషికి తెలియవు. రెండువైపులా లాగబడి బతికినదాన్ని కనక నాకు తెలుస్తాయి. అందుకే నేను ఎవరినీ తొందరగా నమ్మను. మీరూ నన్ను తొందరపడి నమ్మనక్కర్లేదు. జరిగింది చెబుతాను, విని మీరే తేల్చుకోండి.

నన్ను కుట్టినవాడు తవిటయ్య. ఉద్దానంలో, జీడితోటలకీ కొబ్బరితోటలకీ నడుమ ఉన్న ఒక చిన్న పట్నంలో, బస్టాండు పక్కన రేకు కింద కూర్చుని చెప్పులు కుట్టేవాడు. గేదెతోలును కోసి, తడిపి, ఆరబెట్టి, ఆముదం రాసి రాసి మెత్తబరిచాడు. కుట్టడం అయ్యాక నన్ను కిటికీ ఊచకు తగిలించి, రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు ఎత్తేసి వేలాడాడు. దారినపోయేవాళ్ళు నవ్వారు.

"నవ్వండి, నవ్వండి. తోలుని నమ్మీసినోడు బాగుపడ్నేదు," అన్నాడు తవిటయ్య వేలాడుతూనే.

నా మొదటి పాఠం అదే. నేను పుట్టిన రోజే నన్ను అనుమానించారు.

నన్ను చేయించుకున్నది కూర్మారావు. సైన్యంలో కుక్కల దళంలో ఇరవై రెండేళ్ళు పనిచేసి, హవల్దారుగా రిటైరై సొంతూరికి వచ్చాడు. సుబేదారు కావాలని ఆయనకు ఎంతో కోరిక ఉండేది, కాలేదు. అందుకని తెచ్చుకున్న కుక్కపిల్లకి సుబేదార్ అని పేరు పెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి "సుబేదార్ సాబ్" అని సెల్యూట్ కొట్టేవాడు. ఆయన భార్య భారతి వాకిలి ఊడుస్తూ, "సిగ్గునేదు ఈ మనిషికి," అనుకునేది. సుబేదార్ మాత్రం తోక ఊపేవాడు. కుక్కే అయినా నేను వాణ్ణి 'వాడు' అనే అంటాను. పదేళ్ళకి పైగా వాడి మెడ మీద ఉన్నాను, ఆ మాత్రం చనువు ఉంది.

పెరట్లో ఐదు కుండలు బోర్లించి, ఒకదాని కింద భారతి జేబురుమాలు దాచి, కూర్మారావు సుబేదార్‌ని వరసగా నడిపించేవాడు. రుమాలున్న కుండ దగ్గర వాడు కూర్చుంటే "శభాష్" అని ఉడికించిన గుడ్డు ముక్క పెట్టేవాడు. మొదట్లో గుడ్డు చూస్తేనే సుబేదార్ నోట్లో నీళ్ళు ఊరేవి. నెల తిరిగేసరికి శభాష్ అన్న మాటకే ఊరడం మొదలైంది. గుడ్డు రుచి ఆ మాటకి అంటుకుంది. ఓసారి పాలవాడు కల్తీలేని పాలు పోశాడని భారతి "శభాష్" అంటే, గుమ్మంలో పడుకున్న సుబేదార్ లేచి నాలుక చప్పరించాడు.

కూర్మారావు దీన్నంతా తన గొప్ప అనుకునేవాడు. నాకు అంత నమ్మకం కుదరలేదు. ఎందుకంటే సుబేదార్ కూర్చుని, చెవులు నిక్కించి, మొహంలోకి చూస్తే చాలు, ఈయన చెయ్యి తనంతట తానే చొక్కా జేబులోకి పోయేది. వీధిలో భారతి గాజుల చప్పుడు వినబడితే ఈయన నోట్లో బీడీ దానంతటదే వీపు వెనక్కి పోయేది. ఆయనకు ఆ పని నేర్పడానికి ఎవరు ఎన్ని గుడ్లు పెట్టారో నేను చూడలేదు. పక్కింటి గోడ మీంచి రోజూ ఈ శిక్షణ చూసే ఒక వీధికుక్క ఉండేది. ఎవరూ నేర్పకుండానే అది ఒకరోజు పెరట్లోకి వచ్చి కుండ దగ్గర బుద్ధిగా కూర్చుంది. కూర్మారావు పగలబడి నవ్వి దానికీ గుడ్డు పెట్టాడు. చూసి నేర్చుకోవడానికి జీతం ఇచ్చి మాస్టర్ని పెట్టనక్కర్లేదని నాకు ఆరోజు తెలిసింది.

అయితే ఆ కుండల దగ్గర ఒక చిన్న తిరకాసు ఉంది. రుమాలు ఏ కుండ కింద ఉందో కూర్మారావుకి ఎప్పుడూ తెలుసు, దాచింది ఆయనే. ఆ కుండ దగ్గరికి రాగానే, 'ఇదే, ఇదే, కూర్చో' అని ఆయన మనసు అనుకునేది. అనుకోగానే చెయ్యి వెంట్రుకవాసి బిగిసేది. ఆయనకు తెలియదు ఆ సంగతి. నాకు తెలుసు. నా రెండో కొసన ఉన్న సుబేదార్ మెడకి తెలుసు. ముక్కు చెప్పేదీ చెయ్యి చెప్పేదీ అక్కడ ఒకటే కనక, వాడు ఎవరి మాట విని కూర్చుంటున్నాడో ఎవరూ అడగలేదు.

మూడో ఏడు పట్నం బయట ఉన్న జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది. అక్కడ అరవై మంది ఆడవాళ్ళు జీడిపిక్కలు కొట్టి, పప్పు తీసి, పొట్టు ఒలిచి, గుండు పప్పు ఒకవైపు, బద్దలు ఒకవైపు వేరుచేసేవారు. తూకంలో పప్పు తగ్గుతోందని యజమాని సుదర్శనం గారు గోలపెడుతున్నారు. మేనేజరు పట్నాయక్ ఊరంతా వెతికి కూర్మారావుని పట్టుకొచ్చాడు.

"సాయంత్రం గేటు దగ్గర వరసగా నిలబెడతాం. మీ కుక్క ఎవరి ముందు కూర్చుంటే వాళ్ళని సోదా చేయిస్తాం. అంతే మీ పని," అన్నాడు పట్నాయక్.

మొదటి వారంలోనే సుబేదార్ ఒకామెను పట్టించాడు. గున్నమ్మ అనే ఆవిడ, కొంగుముడిలో గుప్పెడు పప్పు. ఆవిడ నడుస్తుంటేనే కాళ్ళు తడబడ్డాయి, చెయ్యి మాటిమాటికీ నడుం దగ్గరికి పోయింది. కూర్మారావు అది చూశాడు. చెయ్యి బిగిసింది. సుబేదార్ కూర్చున్నాడు. ముడి విప్పితే పప్పు జలజలా రాలింది. అందరూ చప్పట్లు కొట్టారు. గున్నమ్మ మొహం కొంగుతో కప్పుకుని వెళ్ళిపోయింది. ఆరోజు సుబేదార్‌కి గుడ్డు మొత్తం దక్కింది.

నా అనుమానం ఆరోజే మొదలైంది. ఆ ఫ్యాక్టరీలో జీడి వాసన లేనిదేది? ఆ ఆడవాళ్ళ చేతులు, జుట్టు, చీరలు, క్యారేజీలు, చివరికి పట్నాయక్ పెన్ను కూడా అదే వాసన. ఊరంతా ఒకే వాసన వేస్తుంటే కుక్క ముక్కు ఏం చేస్తుంది? వాడు నాలుగు రోజులు తికమకపడ్డాడు. ప్రతి మనిషినీ మూచూసి, తల ఎత్తి కూర్మారావు వైపు చూశాడు. తరవాత వాసన చూడటం వట్టి నటన అయిపోయింది. ముక్కు మనుషుల వైపు, మెడ నా వైపు. నా ద్వారా వచ్చే ఆ చిన్న బిగువు కోసం కాచుక్కూర్చునేవాడు.

మరి కూర్మారావు చెయ్యి ఎవరి దగ్గర బిగిసేది? అది తెలుసుకోవాలంటే సాయంత్రం నాలుగింటికి మేనేజరు గదిలో టీ తాగేటప్పుడు వినాలి. నేను కుర్చీ చేతికి వేలాడుతూ అన్నీ వినేదాన్ని. ఈవేళ ఫలానా సింగారమ్మ త్వరగా పోతానని అడిగిందట. ఫలానా రాజేశ్వరి కొత్త చీర కట్టుకొచ్చిందట, దానికి ఎక్కడిది కొత్త చీర? పట్నాయక్ నోట్లోంచి వచ్చిన మాట కూర్మారావు చెవిలో పడేది. గంట తరవాత అది చేతిలో బిగిసేది. నా మీదుగా సుబేదార్ మెడలోకి పోయేది. వాడు కూర్చునేవాడు. అప్పుడు పట్నాయక్, "చూశారా, నేను అనుకుంటూనే ఉన్నాను," అనేవాడు. తను వదిలిన మాటే తిరిగి తన దగ్గరికి వస్తే దాన్ని సాక్ష్యం అనుకునేవాడు.

సోదాలో ఏమీ దొరక్కపోతే, "కుక్కని చూసి ఎక్కడో పారేసుంటుంది," అనేవారు. ఒక మనిషి ముందు మూడుసార్లు కూర్చుంటే పని పోయినట్టే. ఆ లెక్కన ఆరునెలల్లో ముగ్గురు పోయారు. సింగారమ్మ, రాజేశ్వరి, దమయంతి. ముగ్గురి దగ్గరా ఒక్క జీడిపలుకూ దొరకలేదు.

మిగిలినవాళ్ళు చూసి నేర్చుకున్నారు. కొంగుకి ముడి వేయడం మానేశారు. క్యారేజీ మూత తీసి పట్టుకుని, చేతులు దూరంగా పెట్టి నడిచేవారు. వరసలో నవ్వులు ఆగిపోయాయి. సాయంత్రం గంట మోగేసరికి కొందరికి చెమటలు పట్టేవి. చెమటలు పట్టినవాళ్ళని చూస్తే కూర్మారావుకి అనుమానం, అనుమానం వస్తే బిగువు. ఆదివారం ఇంట్లో ఉన్నప్పుడు వీధిలో ఏదో కుక్క మొరిగినా చెయ్యి నడుం మీదికి పోతోందని ఒకామె పక్కామెతో చెప్పడం నేను విన్నాను. ఒకరి పక్కన ఒకరు కూర్చోవడానికి కూడా వెనకాడేవారు. పక్కదానికి అంటిన మచ్చ తమకూ అంటుకుంటుందేమోనని భయం.

మూడో బల్ల దగ్గర దాలమ్మ అనే ఆవిడ ఉండేది. నలభై అయిదేళ్ళ మనిషి. జీడిపిక్కల నూనె అంటుకుని చేతివేళ్ళు నల్లగా పొక్కిపోయి ఉండేవి. దోసెడు పప్పు బల్ల మీద జల్లితే గుండు ఏదో, సన్నటి చీలిక ఉన్నది ఏదో ఒక్క చూపులో ఏరేసేది. ఆమె ఒకరోజు అందరి ముందూ పట్నాయక్‌ని అడిగింది:

"బావూ, సేతులు కాలిపోతన్నాయి. తొడుగులియ్యండి. అవి నేకపోతే రాసుకోడానికి ఆముదమేనా ఇయ్యండి. కూడు తింటే కారం తగిలి మండిపోతంది."

"చూద్దాంలే," అన్నాడు పట్నాయక్.

"రెండేళ్ళనుంచీ సూస్తన్నారు కదేటి," అంది దాలమ్మ. బల్లల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ సాయంత్రం టీ దగ్గర పట్నాయక్ అన్నాడు: "హవల్దారు గారూ, ఆ దాలమ్మ మీద ఓ కన్నేసి ఉంచండి. నోరెక్కువున్న చోట చెయ్యి కూడా ఎక్కువే ఉంటుంది."

కూర్మారావు చెడ్డవాడు కాదు. ఆ మాట నేను ఒట్టేసి చెప్పగలను. ఎవరినీ కావాలని ఇరికించలేదు. తన కుక్క ముక్కుని తన ప్రాణంలా నమ్మాడు. అదే వచ్చిన చిక్కు. గంట తరవాత సుబేదార్ దాలమ్మ ముందు కూర్చున్నాడు.

"నా కాడా? నా కాడేటుంది?" అంది దాలమ్మ. గేటు దగ్గరి ఆడమనిషి సోదా చేసింది. ఏమీ లేదు. నాలుగు రోజుల తరవాత మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ ఏమీ లేదు. ఇంకొక్కసారి కూర్చుంటే పనీ పోతుంది, పరువూ పోతుంది.

మర్నాడు మధ్యాహ్నం కూడు తినేవేళ, పదేళ్ళుగా దాలమ్మ పక్కన కూర్చుని తినే ఆమె వదిన ఆదెమ్మ తన క్యారేజీ తీసుకుని అవతలి గోడ దగ్గరికి పోయింది. ఆరోజు మేం ముందే వచ్చి గేటు పక్క నీడలో ఉన్నాం, అంతా కనబడుతోంది.

"వదినా, నువ్వు కూడా నమ్మీసినావేటి?" అంది దాలమ్మ.

ఆదెమ్మ తల ఎత్తలేదు. "కుక్కకి నీ మీద పగేటుంటాదే? నోర్నేని జీవి. అబద్దమాడదు కదా."

దాలమ్మ ఏడవలేదు. చేతిలోని అన్నం ముద్ద క్యారేజీలో తిరిగి వేసింది. ఆ తరవాత క్యారేజీ మూత పెట్టేసింది.

ఆ రోజునుంచి ఆమె వరసలో చిట్టచివర నిలబడటం మొదలుపెట్టింది. చివర నిలబడితే ముందున్న అందరి దగ్గరా ఏం జరుగుతోందో చూడొచ్చు. అందరూ కుక్కని చూస్తారు. కూర్చుంటుందా, కూర్చోదా అని. దాలమ్మ కుక్కని చూడలేదు. నన్ను చూసింది. పప్పులో చీలిక వెతికే ఆ కళ్ళు నా మీద పడ్డాయి. ఎక్కడ వదులుగా వేలాడుతున్నానో, ఎక్కడ నిటారుగా అవుతున్నానో ఆరు సాయంత్రాలు చూసింది. తవిటయ్య తరవాత నన్ను అంత అనుమానంగా చూసిన మనిషి లేదు. నాకు దొరికిపోయినట్టు అనిపించింది.

శనివారం సుదర్శనం గారు ఫ్యాక్టరీకి వచ్చారు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని కుక్క పనితనం చూద్దామని కూర్చున్నారు. వరస కదలకముందే దాలమ్మ ముందుకు వచ్చి ఆయనకు దణ్ణం పెట్టింది.

"బావూ, మూడోపాలి నా ముందల కుక్క కూకుండిపోకముందే ఒక్క మాట సెప్పాల. పరీచ్చ పెట్టండి. నాకు కాదు, కుక్కకి."

"లైన్లోకి పో," అన్నాడు పట్నాయక్.

"హవల్దారు బావు కళ్ళకి గుడ్డ కట్టండి. ఎవలి కాడో ఒకలి కాడ పప్పు పెట్టండి. కుక్క పట్టుకుంటే, రేపట్నుంచి నాను రాను. నానే దొంగనని రాసిచ్చీస్తాను."

పట్నాయక్ ఏదో అనబోయాడు. అంతలో కూర్మారావు మొహం ఎర్రబడింది. "నా సుబేదార్‌కి పరీక్షా? కట్టండి గుడ్డ!" అన్నాడు. తన తువ్వాలు తానే ఇచ్చాడు. సుదర్శనం గారికి తమాషాగా ఉంది. సరేనన్నారు.

కళ్ళకు తువ్వాలు కట్టి, కూర్మారావుని గోడవైపు తిప్పారు. ఆడవాళ్ళని అటూ ఇటూ మార్చి నిలబెట్టారు. సుదర్శనం గారు కాగితంలో గుప్పెడు పప్పు పొట్లం కట్టి ఎవరికివ్వాలా అని చూస్తుంటే, దాలమ్మ చప్పుడు చేయకుండా చెయ్యి చాపింది. ఆయన ఒక క్షణం ఆగి, నవ్వి, ఆమె చేతిలోనే పెట్టారు. ఆమె పొట్లం కొంగులో ముడివేసుకుని ఏడో మనిషిగా నిలబడింది. కూర్మారావుకి తప్ప అందరికీ తెలుసు.

"ఇంక నడవండి," అన్నారు సుదర్శనం గారు.

కూర్మారావు నన్ను పట్టుకుని నడిచాడు. చెయ్యి మామూలుగా ఉంది. చూడనివాడికి అనుమానం ఎక్కడినుంచి వస్తుంది? సుబేదార్ మొదటామెను మూచూశాడు, తల ఎత్తాడు. రెండో ఆమె, మూడో ఆమె, నాలుగు, అయిదు, ఆరు. దాలమ్మ దగ్గరా అంతే. కొంగుముడికి ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్ళి, తల ఎత్తి చూసి, ఏ బిగువూ రాకపోయేసరికి ముందుకు పోయాడు. పాపం వాడికి దిక్కుతోచలేదు. వరస చివరిదాకా వెళ్ళి, గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, సన్నగా మూలిగాడు. చివరికి కూర్మారావుకి ఎదురుగా వచ్చి, ఆయన మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

నేను కదలక ఆగడం కూర్మారావుకి తెలిసింది. "శభాష్!" అని గట్టిగా అరిచాడు. ఒక చేత్తో జేబులోంచి గుడ్డు తీస్తూ, ఇంకో చేత్తో తువ్వాలు లాగేశాడు. "ఎవరు? ఎవరి ముందు?"

ఎదురుగా ఎవరూ లేరు. సుబేదార్ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని గుడ్డు కోసం చూస్తున్నాడు.

వరసలోంచి ఎవరో, "హవల్దారు బావే దొంగలే!" అన్నారు. అరవై మందీ ఒక్కసారి నవ్వారు. ఆరునెలల తరవాత ఆ గేటు దగ్గర నవ్వు విన్నాను.

"కళ్ళకి గుడ్డ కట్టేసరికి కుక్క కంగారుపడింది సార్. ఇది పరీక్షా?" అన్నాడు పట్నాయక్.

"అలగైతే కళ్ళు తెరుసుకునే సెయ్యండి," అంది దాలమ్మ. కూర్మారావు వైపు తిరిగింది. "హవల్దారు బావూ, మీకు సెప్పీస్తన్నాను. పొట్లం అదుగో, ఎర్రసీర పైడమ్మ కాడుంది. ఇప్పుడు నడవండి."

కూర్మారావు మళ్ళీ నడిచాడు. ఈసారి ఆయనకీ ఏదో అనుమానం తగిలింది. చెయ్యి కదలకూడదని గట్టిగా అనుకున్నాడు. ఆయన ఎంత నిజాయితీగా ప్రయత్నించాడో నాకు తెలుసు, వేళ్ళు నన్ను ఒకే తీరున పట్టుకుని ఉన్నాయి. ఊపిరి కూడా బిగబట్టాడు. దాలమ్మను దాటాం. ఇంకా ముగ్గురిని దాటాం. ఎర్రచీర దగ్గరికి వచ్చాం. వెంట్రుకవాసి. అంతే. సుబేదార్ టక్కున కూర్చున్నాడు.

పైడమ్మ రెండు చేతులూ చాచింది. కొంగు దులిపింది. ఏమీ లేదు.

దాలమ్మ వెనక వరసలోంచి వచ్చి, తన కొంగుముడి విప్పి, పొట్లం సుదర్శనం గారి ముందు పెట్టింది.

"ఏటీ నేన్నాడు నా ముందల రెండుపాలు కూకుంది బావూ. నిజింగా ఉన్ననాడు రెండుపాలు దాటుకుని ఎలిపోనాది." ఆమె సుబేదార్ వైపు చూసింది. "కుక్కది తప్పు కాదు. దానికి అదే నేర్పినారు. అది మీ సెయ్యి సూసి కూకుంటంది. మీ సెయ్యి ఎవల మాట ఇంటందో మీరే సూసుకోండి."

ఆదెమ్మ వరసలోంచి కదిలి దాలమ్మ దగ్గరికి రాబోయి, మధ్యలోనే ఆగిపోయింది. కూర్మారావు చేతిలో గుడ్డు అలాగే ఉంది. దాన్ని సుబేదార్‌కి పెట్టాడు. వాడు తప్పేమీ చేయలేదు కదా.

సోమవారంనుంచి కుక్క సోదా ఆగిపోయింది. దాలమ్మ పని నిలబడింది. నెల తరవాత ఆముదం డబ్బా వచ్చింది, తొడుగులు రాలేదు. పట్నాయక్ ఉద్యోగానికి ఏమీ కాలేదు. గేటు మీద కెమెరాలు పెట్టించాడట, ఆడవాళ్ళు ఇప్పుడు వాటివైపు చూడకుండా నడవడం నేర్చుకున్నారని భారతి ఎవరితోనో అంటుంటే విన్నాను. ఇంతకీ తగ్గిన పప్పు ఏమైందంటే, వేడిగదిలో తడి ఆరిపోయి తూకం తగ్గుతోందని ఎవరో ఇంజనీరు చెప్పాడట. ఆ మాట కూడా నేను పూర్తిగా నమ్మను. గున్నమ్మ కొంగులోంచి రాలిన గుప్పెడు నా కళ్ళారా చూశాను. అయితే గుప్పెడుకీ బస్తాలకీ చాలా తేడా ఉంది.

కూర్మారావు ఆ పని మానేశాడు. పది రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. సెల్యూట్లు ఆగిపోయాయి. పదకొండో రోజు పొద్దున్న చొక్కా తొడుక్కుని, సుబేదార్‌కి నన్ను తగిలించి బయల్దేరాడు. సింగారమ్మ ఇల్లు రైలు గేటు అవతల ఉంది. ఆవిడ వాకిట్లో చేపలు తోముతోంది. మమ్మల్ని చూడగానే చెయ్యి నడుం దగ్గరికి పోయింది. ఉద్యోగం పోయి నాలుగు నెలలైనా ఆ చెయ్యి ఇంకా ఆ పాఠం మరిచిపోలేదు. కూర్మారావు అది చూసి తల దించుకున్నాడు.

"తప్పయిపోయిందమ్మా. నువ్వు తియ్యలేదు. నా కుక్కకి తెలియదు, నాకూ తెలియలేదు."

సింగారమ్మ కత్తిపీట మీంచి లేవలేదు. "నలుగురి ముందల నన్ను దొంగని సేసినావు. ఇప్పుడు నాకొక్కదానికే సెప్తావా? ఎల్లు. బోరింగు కాడ నిలబడి సెప్పు."

ఆయన వెళ్ళాడు. బోరింగు దగ్గర బిందెలతో ఉన్న పదిహేను మంది ఆడవాళ్ళ ముందు నిలబడి, సైన్యంలో పేరు పిలిస్తే పలికే గొంతుతో, గట్టిగా చెప్పాడు. సింగారమ్మ దొంగ కాదని, తప్పు తనదని. కొందరు విన్నారు, కొందరు బిందె నిండిందని వెళ్ళిపోయారు. ఎంతమంది నమ్మారో నాకు తెలియదు. అనుమానం అంటుకున్నంత సులువుగా వదలదు. రాజేశ్వరి వీధిలోనూ అలాగే చెప్పాడు. రాజేశ్వరి మొగుడు మొహం మీద తలుపు వేశాడు, అయినా చెప్పాడు. దమయంతి మాత్రం ఊళ్ళో లేదు. పని కోసం బరంపురం వైపు పోయిందని ఒకరన్నారు, కాదు సూరత్ అని ఇంకొకరు. ఆవిడ కోసం ఆయన మూడు ఊళ్ళు తిరిగాడు. దొరకలేదు. ఆ మాట ఒకటి ఆయన గొంతులోనే ఉండిపోయింది.

సుబేదార్ ముసలివాడై వేసవిలో ఒక మధ్యాహ్నం నీడన పడుకున్నవాడు లేవలేదు. నాలుగేళ్ళకి కూర్మారావూ పోయాడు. భారతి ఇల్లు సర్దుతూ నన్ను పాత సామాన్ల వాడికి ఇచ్చేసింది. ఇప్పుడు బస్టాండు రోడ్డులో ఒక పాత సామాన్ల కొట్లో తుప్పు పట్టిన తాళాలు, తెగిన సైకిలు గొలుసుల మధ్య మేకుకి వేలాడుతున్నాను. నా తోలు ఎండి పగుళ్ళు వచ్చాయి. కొక్కెం మాత్రం గట్టిగానే ఉంది.

ఎప్పుడైనా ఎవరైనా నన్ను మేకు మీంచి తీసి చూస్తారు. చేతిలోకి తీసుకోగానే నేను వాళ్ళని చదవడం మొదలుపెడతాను. మొన్న ఒకాయన వచ్చాడు. తెల్లచొక్కా, కొత్త ఇల్లు కట్టుకున్నాడట. కాపలాకి మంచి జాతికుక్కని కొనాలని కొట్టువాడితో చెబుతూ నన్ను చేతికి చుట్టుకున్నాడు. అప్పుడే రోడ్డు మీద ఒక ఆడమనిషి నెత్తిన మూటతో అటుగా పోతూ, కొట్టు ముందు ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకుంది. ఆయన మాట్లాడుతూనే ఆమె వైపు చూశాడు.

ఆయన ఇంకా కుక్కను కొననేలేదు. చెయ్యి మాత్రం అప్పుడే బిగిసింది.